తొమ్మిది అంగుళాల కుదురు

దరఖాస్తు పంపిన మధ్యాహ్నానికి తటవర్తి భావనారాయణ చేతిలో ఉన్నవి ఇవి: నంబరు వేసిన రసీదు ఒకటి, పదిహేడేళ్ళ కూతురు ఒకత్తె, నలభై ఐదు రోజుల గడువు, నాలుగు పేజీల సూచనల పుస్తకం ఒకటి. రసీదును బీరువాలో పెట్టి తాళం వేశాడు. కూతురు అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది కనుక ఆ సరుకు భద్రంగానే ఉంది. గడువు ఎక్కడికీ పోదు. ఇక సూచనల పుస్తకం. దాన్ని ముందు చదివి, దరఖాస్తు తర్వాత పంపవలసింది. తొందరలో వరస తారుమారైంది.

భావనారాయణకు తణుకు బజారులో పాత్రల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇత్తడి, రాగి, స్టీలు, మట్టి, అడిగినవాడికి లేదనకుండా అన్నీ ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా ప్రతి విషయాన్నీ ఆయన ఒకే పద్ధతిలో చూశాడు: ఎంత ఉంది, ఎంత వెళ్ళింది, ఎంత మిగిలింది. పెళ్ళిని కూడా అలాగే చూశాడు. మాణిక్యం వచ్చాక ఇంట్లో మాటలు పెరిగాయి, అందులో తన వాటా తగ్గింది, మొత్తం మీద లాభమే అని తేల్చుకున్నాడు.

కూతురు హైమ సంగతి వేరు. ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు ఇత్తడి గిన్నె ఒకటి, రాగి గిన్నె ఒకటి నేల మీద పడేసి, "నాన్నా, రెండూ రెండు రకాలుగా ఎందుకు మోగాయి?" అని అడిగింది. "పడెయ్యకు" అన్నాడు భావనారాయణ. అది జవాబు కాదని ఆ పిల్ల గుర్తుపెట్టుకుంది. పదకొండేళ్ళ తర్వాత లోహశాస్త్రం చదువుతానంది. చుట్టుపక్కల జిల్లాల్లో ఆ చదువు చెప్పేది ఒకే ఒక విద్యాపీఠం. అక్కడ ముందస్తు దరఖాస్తు అనే పద్ధతి ఉంది. ఇంటర్ పరీక్షలకు ముందే దరఖాస్తు పెట్టాలి. నలభై ఐదో రోజున ఔనంటే సీటు ఖాయం. కాదంటే మరి జన్మలో ఆ గుమ్మం ఎక్కనివ్వరు. ముందుగా వచ్చినవాళ్ళనే కాదన్నాక, వెనక వచ్చినప్పుడు ఔనంటే తమ మాటకు విలువేముంటుందని వాళ్ళ వాదన.

పుస్తకంలో ఏడవ సూచన ఇలా ఉంది:

"దరఖాస్తు సమర్పించిన పిదప, ఫలితము వెలువడు పర్యంతము, అభ్యర్థియు, తల్లిదండ్రులును కుదురు కలిగియుండవలెను. మూడు పర్యాయములు కుదురు భంగమైనట్లు నమోదైనచో దరఖాస్తు తిరస్కరింపబడును."

"కుదురు కలిగి ఉండటమంటే ఏంటే?" అని మాణిక్యాన్ని అడిగాడు.

"కంగారు పడకుండా ఒకచోట కూచోమని. మిమ్మల్ని చూసే రాసుంటారు."

ఈ సూచనకు ఒక చరిత్ర ఉంది. అంతకు ముందు ఏడాది ముందస్తు దరఖాస్తు పెట్టిన తల్లిదండ్రులు విద్యాపీఠానికి రోజుకు ఏడు వందల ఫోన్లు చేశారు. ఒక తండ్రి అయితే రిజిస్ట్రారు గారి కారు వెంట స్కూటరు మీద యాభై కిలోమీటర్లు వెళ్ళాడు. తీరా చూస్తే అది వేరెవరి కారో. దాంతో విద్యాపీఠం వారు కుదురు విభాగం అని ఒకటి తెరిచి, దానికి ఒక అధ్యక్షుణ్ణి, ఇద్దరు ఉపాధ్యక్షుల్ని, ఒక ఫోను నంబరునూ ఏర్పాటు చేశారు.

భావనారాయణ ఆ నంబరుకు ఫోను చేశాడు.

"నమస్కారం. కుదురు విభాగమునకు స్వాగతం" అంది రికార్డు చేసిన గొంతు. "మీరు ప్రశాంతంగా ఉన్నట్లయితే ఒకటి నొక్కండి. లేనట్లయితే ఫోను పెట్టివేసి, ప్రశాంతత చేకూరిన పిదప మళ్ళీ చేయండి."

ఒకటి నొక్కాడు. ఇరవై నిమిషాలు వేణువు వినిపించింది. తర్వాత మనిషి పలికాడు.

"చెప్పండి."

"ఏం లేదండి, ఏడో సూచన గురించి చిన్న సందేహం..."

"సందేహం కలిగినదా?"

"ఆయ్, కలిగిందండి."

"రసీదు నంబరు?"

నంబరు చెప్పాడు. అవతల ఏదో టకటకా కొట్టిన చప్పుడైంది. "మొదటి భంగం నమోదైనది" అన్నాడు అధికారి.

"అదేంటండీ బాబూ! నేనింకా ఏమీ అడగందే!"

"సందేహం అనగా మనస్సు నిలకడ తప్పుట. ప్రశాంతంగా ఉన్న వ్యక్తికి మాకు ఫోను చేయవలసిన అవసరమే రాదు."

"మరి నంబరెందుకిచ్చారండీ?"

"ఎవరు చేస్తారో తెలుసుకొనుటకు."

భావనారాయణ ఫోను పెట్టేసి లెక్క చూసుకున్నాడు. చేతికిచ్చిన భంగాలు మూడు. మొదటి పూటే ఒకటి ఖర్చయింది. మూడోది వాడితే సీటు పోతుంది గనుక అది సరుకే కాదు. అంటే నలభై ఐదు రోజులకు వాడుకోదగ్గది ఒక్కటి. ఈ నిల్వతో ఇంత కాలం కొట్టు నడపడం ఆయన ఎరగడు.

*

తొమ్మిదో రోజున విద్యాపీఠం నుంచి కుదురు పరిశీలకుడు వచ్చాడు. పేరు ఆమంచి గౌరీపతి. సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో ఉన్నాడు. వస్తూనే అరుగు మీదున్న హైమను చూశాడు.

"అమ్మాయీ, ఫలితం గురించి ఆందోళనగా ఉన్నదా?"

"లేదండి."

"ఎందుచేత లేదు?"

"పంపేశాం కదండీ. ఇంక మన చేతుల్లో ఏముంది? శనక్కాయలు తింటారా?"

గౌరీపతి కూర్చుని గుప్పెడు తిన్నాడు. భావనారాయణ లోపల్నుంచి మజ్జిగ తెప్పించాడు. అంతా సవ్యంగానే ఉంది కాని, పరిశీలకుడి ముఖంలో మాత్రం వెలుగు లేదు. ఫారం తీసి ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఏవైనా లోటండీ?" అన్నాడు భావనారాయణ, ఎంతో నెమ్మదిగా.

"మీ అమ్మాయిగారిలో లోటు లేదండి. లోటంతా ఫారంలో ఉంది." గౌరీపతి గొంతు తగ్గించాడు. "మా విభాగం కొత్తదండి. ఫారాలు అచ్చువేసే తీరిక లేక, హాస్టలు సామాన్ల తనిఖీ ఫారం తెప్పించి, పైన 'మంచములు' అన్నచోట 'కుదురు' అని మార్చారు. కింద గడులన్నీ అలాగే ఉన్నాయి. చూడండి. సంఖ్య. పరిమాణం. ఏ లోహము. కొత్తదా, పాతదా, విరిగినదా. అన్నీ నింపాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కుదురు లేనట్టే లెక్క. ఇప్పటికి పదకొండిళ్ళు తిరిగానండి. పాపం అందరూ కుదురుగానే ఉన్నారు. ఒక్కరికీ ఫారం పూర్తికాలేదు."

భావనారాయణ ఫారం అందుకుని చూశాడు. కుదురు: ఉన్నది, లేదు. ఉన్నచో ఏ లోహము.

తెలుగులో కుదురు అంటే మనిషి నిలకడ. కింద గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా దాని అడుగున పెట్టే చుట్టును కూడా కుదురనే అంటారు. భావనారాయణ కొట్లో మొదటిది ఎప్పుడూ లేదు. రెండోది మూడో అరలో ఉంది.

లేచి వెళ్ళి తెచ్చాడు. గుడ్డతో తుడిచి గౌరీపతి చేతిలో పెట్టాడు.

"ఇదేమిటండీ?"

"కుదురండి. ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్తారు."

గౌరీపతి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఫారం కేసి చూశాడు. చెయ్యి దానంతట అదే కదిలింది. సంఖ్య: ఒకటి. పరిమాణం: తొమ్మిది అంగుళాలు. లోహము: ఇత్తడి. స్థితి: కొత్తది. చివరి గడి నింపి, కింద సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళ సర్వీసండి నాది. ఒక్క ఖాళీ లేకుండా ఫారం నింపడం ఇదే మొదలు."

ఆయన వెళ్ళాక మాణిక్యం తలుపు చాటు నుంచి వచ్చింది. "అలా ఇత్తడి చుట్టు చూపించేశారేంటండీ? దగా కాదూ?"

"కుదురుందా అన్నాడు, ఉందన్నాను. ఆయనే కొలుచుకున్నాడు. ఇందులో దగా ఎక్కడుందే?"

హైమ పొట్టు ఊదుతూ నవ్వింది.

*

పదహారో రోజున విద్యాపీఠం సర్క్యులరు వెలువడింది.

మొత్తం వచ్చిన దరఖాస్తులు రెండు వేల మూడు వందలు. పరిశీలకులు నింపి తెచ్చిన ఫారాల్లో అన్ని గడులూ నిండినది ఒకే ఒకటి. దాన్ని కుదురు విభాగం వారు అద్దాల బల్ల మీద పెట్టి మూడు రోజులు అధ్యయనం చేశారు. నాలుగో రోజున దాన్ని ప్రమాణంగా ప్రకటించారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ప్రతి అభ్యర్థియు తొమ్మిది అంగుళముల వ్యాసము గల ఇత్తడి కుదురు ఒకటి కలిగియుండవలెను. కుదురు లేనివారు కుదురు లేనివారుగా పరిగణింపబడుదురు."

మర్నాడు పొద్దున్న కొట్టు తలుపు తీసేసరికి బయట వంద మంది ఉన్నారు. ఉన్న నలభై కుదుళ్ళు గంటలో వెళ్ళిపోయాయి. భావనారాయణ అజ్జరం కబురు పెట్టాడు. ఇత్తడి పనికి పేరున్న ఆ ఊళ్ళో మిగతా పనులన్నీ ఆపి కుదుళ్ళే పోత పోయడం మొదలుపెట్టారు. హైమ తరఫున గౌరీపతికి చూపించిన మొదటి కుదురును మాత్రం నమూనాగా కొట్లో మేకుకు తగిలించి ఉంచాడు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకం.

"మావాడికి లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయండి. పద్నాలుగంగుళాలది ఇవ్వండి" అన్నాడొక తండ్రి.

"తొమ్మిదేనండి రూలు."

"పోనీ, తొమ్మిదిలోనే కాస్త పెద్దది లేదాండీ?"

ఇంకొకాయన కుదురును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకావిడ, "ఇది ఎన్నాళ్ళకి పనిచేస్తుందండీ?" అని అడిగింది. "కింద పెట్టగానేనమ్మా" అన్నాడు భావనారాయణ. అబద్ధం చెప్పలేదు.

వారం తిరిగేలోగా భీమవరంలో కుదురు కోచింగు సెంటరు తెరిచారు. నెల్లాళ్ళ కోర్సు. మొదటి రోజే చేరినవాళ్ళకు కుదురు ఉచితం.

కొందరు అత్యాశకు పోయి బండిచక్రమంత కుదుళ్ళు చేయించుకున్నారు. దీని మీద రెండో సర్క్యులరు వచ్చింది. భావనారాయణ ఈసారి మాత్రం ప్రతి అక్షరమూ చదివాడు.

"అనుమతి లేని కుదుళ్ళు స్వాధీనపరచుకొనబడును. స్వాధీనపరచుకొనబడిన వస్తువు, దానికి సంబంధించిన విభాగమునందు, విచారణ ముగియు పర్యంతము భద్రపరచబడును. ఆ కాలమున దాని వసతి, పోషణ, సంరక్షణ విద్యాపీఠము వారే చూచుకొందురు. యజమానికి రసీదు ఇవ్వబడును."

విద్యాపీఠంలో ఏ విచారణైనా నాలుగేళ్ళు పడుతుందని ప్రతీతి. అక్కడ చదువు కూడా నాలుగేళ్ళే కనుక అది ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ తర్వాత మూడోది. కుదురు కొని అటక మీద పడేస్తున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. కాబట్టి కుదురు వాడుకలో ఉన్నట్టు రుజువుగా దాని మీద కుండ నిలబెట్టి, అంచుల దాకా నీళ్ళు పోసి, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉంచాలి. నీళ్ళు తొణికితే భంగం.

అప్పటిదాకా నలుగురో ఐదుగురో తప్ప జనం మామూలుగానే ఉన్నారు. ఈ మూడో సర్క్యులరుతో అందరి కుదురూ పోయింది. దరఖాస్తు పెట్టిన ఇళ్ళలో పచ్చడి దంచడం మానేశారు. పిల్లుల్ని బంధువుల ఇళ్ళకు పంపేశారు. తుమ్ము వస్తే వీధిలోకి పరిగెత్తేవారు. పరిగెత్తడం కూడా భంగమేనని నాలుగో సర్క్యులరు వచ్చాక, తుమ్మును అదిమిపెట్టి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి వీధిలో తుమ్మేవారు. పెరవలి వైపు ఒక తండ్రి, కుండ ఉన్న గది మీదుగా కాకులు వాలకుండా ఇద్దరు మనుషుల్ని పెట్టాడట.

భావనారాయణ మేకు మీది నమూనాను దించి ఇంట్లో కుండ కింద పెట్టాడు. హైమ మటుకు ఆ కుండలో నీళ్ళు అవసరమైనప్పుడల్లా ముంచుకుని తాగి, మళ్ళీ నింపేది. "కుండ ఉన్నది అందుకే కదమ్మా" అంది తల్లితో.

*

ముప్పై ఒకటో రోజున అజ్జరం నుంచి రెండు వందల కుదుళ్ళు వ్యానులో వచ్చాయి. భావనారాయణ పైది తీసి కొలిచాడు. ఎనిమిది అంగుళాలు. ఇంకోటి తీశాడు. ఎనిమిది. బయట డెబ్భై మంది వరసలో నిలబడి ఉన్నారు.

"ఎనిమిదేంటయ్యా!" అని ఒక్క కేక పెట్టాడు. బజారు ఆ చివర సోడా కొట్టువాడు కూడా తల తిప్పి చూశాడు.

వరసలో పదిహేనో మనిషి మెల్లగా పక్కకు వచ్చాడు. గౌరీపతి. ఆయన మేనల్లుడు కూడా దరఖాస్తు పెట్టాడు.

"మన్నించాలండి. నేను విన్నాను."

"నేను అన్నది వ్యాను వాడినండి!"

"ఎవర్నైనా అరుపు అరుపే గదండీ. విని కూడా రాసుకోకపోతే నాకు కుదురు లేనట్టవుతుంది." ఫైలు తీసి, విచారంగానే, రాసుకున్నాడు. "రెండో భంగం నమోదైనది. ఇంతకీ మా మేనల్లుడికి తొమ్మిదంగుళాలది ఎప్పటికి వస్తుందంటారు?"

సాయంత్రం హైమ కొట్లోకి వచ్చి తండ్రి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎనిమిదంగుళాల కుదురొకటి తీసి వేలితో మీటింది. అది సన్నగా మోగింది.

"నాన్నా, ఇంక అరవకండి."

"అరవనమ్మా."

"నాకా సీటు కావాలి."

భావనారాయణ తలెత్తి చూశాడు. ఈ పిల్ల పుట్టి పదిహేడేళ్ళు. పండక్కి బట్టలు కొంటే తొడుక్కుంది, కొనకపోతే పాతవి తొడుక్కుంది. ఇది కావాలి అని నోరు తెరిచి అడగడం ఆయన ఇదే మొదటిసారి వినడం. ఊళ్ళో అందరికంటే కుదురుగా ఉన్న మనిషికి అందరికంటే గట్టిగా కావాలని ఉన్నట్టు ఆయనకు అప్పుడే తెలిసింది. పైకి చెప్పలేదంతే.

ఆ రోజు నుంచి భావనారాయణ గొంతు పెంచలేదు. కాలి మీద ఇత్తడి కాగు పడినప్పుడు కూడా, "అమ్మా" అని మామూలుగా, పక్కింటావిడను పిలిచినట్టుగా అన్నాడు.

*

గడువు దగ్గర పడుతుండగా, నలభై ఐదో రోజున విచారణకు రమ్మని ఉత్తరం వచ్చింది. అభ్యర్థులందరూ తమ తమ కుదురు, కుండ వెంట తీసుకుని విద్యాపీఠం సభామందిరానికి రావాలి. సీట్లు అక్కడే తేలుస్తారు.

నలభై నాలుగో రోజు కొట్టు మూయబోతుండగా పెనుగొండ నుంచి ట్రాక్టరు మెకానిక్కు గుబ్బల నాగేశు వచ్చాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. వాళ్ళబ్బాయి కుదురు మీద గేదె కాలేసింది.

"ఒక్కటి, ఒక్కటుంటే ఇప్పించండి భావనారాయణగారూ. పాలకొల్లు తిరిగొచ్చాను, భీమవరం తిరిగొచ్చాను. ఎక్కడా లేదంటున్నారండి. మావాడు అన్నం ముట్టలేదు."

కొట్లో వస్తువు ఉండగా లేదనడం ముప్పై ఏళ్ళుగా భావనారాయణ నాలుకకు అలవాటు లేదు. చెయ్యి మేకు మీదికి వెళ్ళింది. మర్నాటి ప్రయాణానికని హైమ కుండ కింద నుంచి తీసి తగిలించిన నమూనా దిగింది. కాగితంలో చుట్టి ఇచ్చాడు. నాగేశు దాన్ని గుండెకు హత్తుకుని వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర మాణిక్యం అడిగింది. "రేపటికి అమ్మాయి కుదురు సంచీలో పెట్టారా?"

భావనారాయణ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. లేచి కొట్లోకి వెళ్ళాడు. మేకు ఉంది. వచ్చి కూర్చున్నాడు. పెద్ద కేకకు సరిపడా గాలి లోపలికి పీల్చి, అంతా చప్పుడు కాకుండా బయటికి వదిలాడు. మాణిక్యానికి అర్థమైపోయింది.

"జిల్లా అంతటికీ కుదురు అమ్మి, సొంత కూతురికి లేకుండా చేశారా?"

"చివర్లో వచ్చాడే. పాపం, గేదె తొక్కిందట."

హైమ మజ్జిగ పోసుకుంటూ, "పోన్లెండి నాన్నా, వెళ్ళి చూద్దాం" అంది.

*

సభామందిరంలో రెండు వేల పైచిలుకు కుండలు వరసలుగా కొలువుతీరి ఉన్నాయి. ఒక్కొక్క కుండ పక్కన ఒక అభ్యర్థి, వెనక తల్లిదండ్రులు ఊపిరి బిగపట్టి. వేదిక మీద కుదురు విభాగం అధ్యక్షులు ఆచార్య పంచాననంగారు, అటూ ఇటూ ఉపాధ్యక్షులు. హైమ ముందు మాత్రం ఏమీ లేదు. వేరుశనక్కాయల పొట్లం ఉంది.

"ప్రశాంతత అనగా..." అని ఆచార్యులవారు ఉపన్యాసం ఎత్తుకున్నారు.

ఎవరి జేబులోనో ఫోను మోగింది. ఫలితం వచ్చేసిందేమోనని ఒక తల్లి ఉలిక్కిపడింది. ఆమె మోచెయ్యి తగిలి ఒక కుండ పక్క కుండ మీదికి ఒరిగింది. అది దాని పక్కదాని మీదికి. ఆపబోయినవాళ్ళ కాళ్ళు తగిలి మిగతా వరసలు. రెండు నిమిషాల్లో మందిరమంతా నీళ్ళు, పెంకులు, కేకలు. కుదుళ్ళు గుమ్మాల్లోంచి దొర్లుకుంటూ ఆవరణలోకి పోయాయి. వాటి వెంట తండ్రులు పోయారు. ఉపాధ్యక్షులిద్దరూ కుర్చీల మీదికెక్కి, "ప్రశాంతత! ప్రశాంతత!" అని అరిచారు. ఆచార్యులవారు పంచె పైకెత్తి పట్టుకుని బల్ల మీద నిలబడ్డారు.

నీళ్ళు దగ్గరికొచ్చాక హైమ పొట్లం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆచార్య పంచాననంగారు బల్ల మీంచే ఆమెను చూశారు. "ఎవరామె? ఇటు రమ్మనండి. నీ కుదురేదమ్మా?"

"లేదండి. మా నాన్న అమ్మేశారండి."

"అమ్మివేసినారా! మరి నీవింత ప్రశాంతముగా ఎట్లున్నావు?"

"ఊరికేనండి."

"ఊరికే!" అధ్యక్షులు ఉపాధ్యక్షుల కేసి చూశారు. వాళ్ళు కుర్చీలు దిగకుండానే పుస్తకాలు తిరగేశారు. మొదటాయన తల అడ్డంగా ఊపాడు. "ఊరికే అను పద్దు నిబంధనలలో లేదండి. ప్రశాంతత కుదురు వలననే కలుగవలెను. కుదురు లేకుండా ఉన్న ప్రశాంతత, అనుమతి లేని ప్రశాంతత."

"అక్రమ ప్రశాంతత" అని రెండో ఆయన సవరించాడు.

"తీవ్రమైన విషయము" అన్నారు ఆచార్యులవారు. "ఈ దరఖాస్తు తిరస్క..."

"అయ్యా" అన్నాడు భావనారాయణ.

చాలా మెత్తగా అన్నాడు. ఆయన దగ్గర ఇంకొక్క భంగమే ఉంది. అది కూతురి సీటు. పక్కన గౌరీపతి పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. భావనారాయణ జీవితంలో ఎన్నో బేరాలు చేశాడు. అన్నీ బజారంతా వినబడేలా చేశాడు. గుసగుసగా చెయ్యడం మాత్రం ఇదే మొదలు.

"తమరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజమండి. అనుమతి లేనిది మా అమ్మాయి దగ్గర దొరికింది. ఒప్పుకుంటున్నానండి. మరి రెండో సర్క్యులరు ప్రకారం అనుమతి లేనిదాన్ని తిరస్కరించాలా, స్వాధీనం చేసుకోవాలాండీ?"

ఉపాధ్యక్షులు సర్క్యులరు తీశారు. "స్వాధీనపరచుకొనవలెను" అని చదివాడు మొదటాయన.

"చేసుకోండయ్యా. నేను అడ్డం రాను. రసీదిప్పించండి."

"కాని ప్రశాంతతను విడిగా స్వాధీనపరచుకొనుట ఎట్లు?" అన్నారు ఆచార్యులవారు.

"విడిగా రాదండి. పాత్ర తీసుకోకుండా అందులో నీళ్ళు ఎలా తీసుకెళ్తారు? అమ్మాయితో సహా తీసుకోవాలండి మరి."

ఆచార్యులవారు తల ఊపారు. అందులో తర్కం ఉంది. "ఎచ్చట భద్రపరచవలెను?"

"సంబంధించిన విభాగమునందు" అని చదివాడు రెండో ఆయన.

"లేనిది ఇత్తడి కుదురు కదండీ" అన్నాడు భావనారాయణ, ఇంకా మెత్తగా. "లోహం వ్యవహారం."

"లోహశాస్త్ర విభాగము" అని ఆచార్యులవారు తీర్మానించారు. "వసతి, పోషణ మన బాధ్యత. విచారణ ముగియు పర్యంతము."

"నాలుగేళ్ళు పడుతుందాండీ?"

"ఏమయ్యా, విద్యాపీఠము పట్ల నీకు అపనమ్మకమా? నాలుగు సంవత్సరములకు ఒక్క దినము తగ్గదు."

"ఖాళీగా కూచోబెడితే ప్రశాంతత తుప్పు పడుతుందేమోనండి. రోజూ క్లాసుల్లో కూచోబెట్టి, అప్పుడప్పుడు పరీక్ష పెట్టి చూసుకుంటూ ఉంటే..."

"సంరక్షణ కిందకి వచ్చును. రాసుకోండి."

రాసుకున్నారు. గౌరీపతి పెన్ను మూత పెట్టేసి, ఎవరూ చూడకుండా భావనారాయణకు నమస్కారం పెట్టాడు. మిగతా అభ్యర్థుల ఫలితాలు నేల ఆరాక, మరో నలభై ఐదు రోజులకు ప్రకటిస్తామనీ, అంతదాకా అందరూ కుదురుగా ఉండాలనీ మైకులో చెప్పారు. కుండల కింద పెట్టిన ఇత్తడి కుదుళ్ళ మీద నమ్మకం సడలింది గనుక, ఇకపై రాగివి తీసుకురావాలన్నారు.

బస్సులో హైమ కిటికీ పక్కన కూర్చుంది. తణుకు దగ్గర పడుతుండగా తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, సీటు వచ్చినట్టేనా?"

"వచ్చిందమ్మా."

"మీరసలు అరవలేదు."

"ఎలా అరుస్తాను? నువ్వు కావాలన్నావు గదా."

హైమ అటు తిరిగి బయటికి చూసింది. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా ఏడ్చేసింది. గట్టిగానే ఏడ్చింది. నలభై ఐదు రోజులుగా దాచినదంతా కాబోలు. కండక్టరు కంగారుపడి బస్సు ఆపబోతే, భావనారాయణ వద్దని చెయ్యి ఊపి, శనక్కాయల పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. బస్సులో పరిశీలకులెవరూ లేరు.

జూన్ నెలలో ఆమెను హాస్టల్లో దింపి వచ్చిన రోజున భావనారాయణ కొట్లో కూర్చుని మొత్తం తేల్చుకున్నాడు. ఇచ్చిన భంగాలు మూడు, వాడినవి రెండు, మిగిలింది ఒకటి. అది ఇక ఎందుకూ పనికిరాదు గాని, పారేయబుద్ధి కాలేదు. తొమ్మిదంగుళాల కుదుళ్ళు తొమ్మిది వందల ఆరు అమ్ముడుపోయాయి. ఎనిమిదంగుళాలవి రెండు వందలు అలాగే ఉన్నాయి. రాగివాటికి మళ్ళీ వరస కట్టారు. ఇవన్నీ పక్కనపెడితే, అసలు వచ్చినది ఒక రసీదు. "స్వాధీనపరచుకొనబడిన వస్తువు: ప్రశాంతత. సంఖ్య: ఒకటి. స్థితి: కొత్తది. భద్రపరచిన చోటు: లోహశాస్త్రము, మొదటి సంవత్సరము." ఖాళీ గడి ఒక్కటి లేదు. దాన్ని మడిచి మొదటి రసీదు పక్కనే బీరువాలో పెట్టాడు.

ఆ పూట మూడుసార్లు హాస్టలుకు ఫోను చేశాడు. నాలుగోసారి చేయబోతుంటే మాణిక్యం ఫోను లాక్కుంది.

"ఏవండీ, ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేరా?"

భావనారాయణ ఖాళీ మేకు కేసి చూశాడు.

"నిల్వ లేదే" అన్నాడు.